మీ చేలో ఎవరెవరు కాపురముంటున్నారు?

రేపు పొద్దున్నే ఎండ ముదరకముందే మీ టమోటా చేలోకి వెళ్లి ఒక చెట్టు దగ్గర కూర్చోండి. పది నిమిషాలు కదలకుండా చూడండి. ఆకు తిప్పితే అడుగున తెల్లదోమ ఉంటుంది. పూత పక్కన గసగసాల గింజకన్నా చిన్న గుడ్డు కనిపించవచ్చు. కర్రకూ కొమ్మకూ మధ్య సాలీడు గూడు కట్టి ఉంటుంది. ఎర్రటి వీపు మీద నల్ల చుక్కల అక్షింతల పురుగు పేనుబంకను వెతుక్కుంటూ పోతుంటుంది. గట్టు మీద పసుల పోలిగాడు కూర్చుని మీరు లేచిపోతే దిగుదామని చూస్తుంటుంది.

పట్టా మీ పేరునే ఉంటుంది. కానీ చేలో కాపురాలు వేలకు వేలు. వీటిలో మనం పేరు పెట్టి తిట్టేది పురుగునొక్కదాన్నే. మిగతావాళ్లను చూడం. చూడకుండా మందు కొట్టేస్తాం. మందుల అంగడి బాకీ పెరగడానికి ఇదొక పెద్ద కారణం. అందుకే ఈ వారం పాఠం మందు గురించి కాదు, ఈ కాపురాల గురించి.

తిండి, తావు, శత్రువు

ఒక చోట ఏ జీవి ఎంత సంఖ్యలో ఉండాలో ముఖ్యంగా మూడు విషయాలు తేలుస్తాయి. తినడానికి ఎంత ఉంది, దాక్కోవడానికీ పిల్లలు పెట్టడానికీ తావు ఎంత ఉంది, దాన్ని తినే శత్రువులు ఎంతమంది ఉన్నారు. చీమకైనా ఏనుగుకైనా ఇదే లెక్క. సేద్యంలో మనం చేసే ప్రతి పనీ ఈ మూడింటిలో ఏదో ఒకదాన్ని మారుస్తుంది.

కాయతొలుచు శనగపచ్చ పురుగును తీసుకోండి. ఒక తల్లి రెక్కల పురుగు ఐదారు వందలకు పైగానే గుడ్లు పెట్టగలదు. లెక్క సులువుగా ఉండటానికి 500 అనుకుందాం. అన్నీ బతికి, వాటిలో సగం ఆడవైతే తరువాతి తరానికి 250 మంది తల్లులు, 1,25,000 గుడ్లు. ఆ పై తరానికి 3 కోట్ల 12 లక్షల 50 వేల గుడ్లు. ఒక తరానికి పట్టేది నెల, నెలా పది రోజులు. అదే నిజమైతే మదనపల్లె మండీకి ఒక్క బాక్సు కూడా చేరదు.

అలా జరగడం లేదు కదా! పురుగు సంఖ్య పెరగకుండా, తరగకుండా ఉండాలంటే 500 గుడ్లలో రెండంటే రెండే, ఒక ఆడ, ఒక మగ, బతికి పెద్దవి కావాలి. మిగిలిన 498 ఏదో ఒక దశలో చావాలి. వాటిని ఎవరు చంపుతున్నారు?

కొన్ని గుడ్లు వానకు, గాలికి రాలిపోతాయి. కొన్నింటిలో ట్రైకోగ్రామా అనే పరాన్నజీవి తన గుడ్డు పెడుతుంది. ఇది ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. పురుగు గుడ్డులోంచి పురుగు బదులు ట్రైకోగ్రామాయే బయటికి వస్తుంది. పిల్ల పురుగులను సాలీళ్లు, అల్లిక రెక్కల పురుగు పిల్లలు తింటాయి. పెద్ద పురుగులను గోరింకలు, పసుల పోలిగాళ్లు ఏరుకుంటాయి. కొన్ని ఎన్.పి.వి. అనే వైరస్ జబ్బు తగిలి కొమ్మకు తలకిందులుగా వేలాడి చస్తాయి.

వీళ్లంతా కూలి అడగని పనివాళ్లు. వీళ్లు కొద్దిగా తగ్గి, 498కి బదులు 488నే చంపారనుకోండి. పెద్ద తేడా లేదనిపిస్తుంది. కానీ బతికేవి రెండు కాదు, పన్నెండు. అంటే వచ్చే నెలకు మీ చేలో పురుగు ఆరు రెట్లు.

మందు కొట్టాక ఎవరు ముందు తిరిగొస్తారు?

పురుగుమందు కొడితే మంచీ చెడూ రెండూ చస్తాయి. అందరూ సమానంగానే చచ్చారు కదా అనుకుంటాం. కానీ తిరిగి రావడంలో సమానం కాదు. పురుగుకు తిండి మీ పంట. అది నిలబడే ఉంది. బతికిన నాలుగు పురుగులు, పక్క చేనునుంచి వచ్చిన పది రెక్కల పురుగులు వెంటనే పెరగడం మొదలుపెడతాయి. మిత్ర పురుగుకు తిండి ఆ పురుగే. అది మళ్లీ పెరిగేదాకా దానికి గంజి లేదు. అందుకే ఎప్పుడూ ముందు వచ్చేది శత్రువు, వెనక వచ్చేది మిత్రుడు. మిత్రుడు వచ్చేలోగా మీరు మళ్లీ మందు కొడతారు. అతను మళ్లీ చస్తాడు.

ఇది సముద్రంలోనూ నిజమేనని తేలింది. 1914–18 మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో ఇటలీ పక్కనున్న ఏడ్రియాటిక్ సముద్రంలో చేపల వేట తగ్గింది. అప్పుడు పట్టిన చేపల్లో మామూలు చేపల వాటా తగ్గి, వాటిని తినే సొరచేపల వాటా పెరిగింది. ఎందుకిలా అని వోల్టెర్రా అనే ఇటలీ గణిత పండితుడు లెక్క కట్టి 1926లో చెప్పాడు. తినేవాణ్నీ, తినబడేవాణ్నీ ఒకే తీరుగా చంపుతూ పోతే లాభపడేది తినబడేవాడే. వల తీసేసి పురుగుమందు పెట్టి చూడండి. చేలో తినబడేవాడు ఎవరు? మన పురుగే.

మన రాష్ట్రంలో దీనికి పెద్ద మూల్యమే చెల్లించాం. 1980లలో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి చేలల్లో సింథటిక్ పైరిత్రాయిడ్ మందులు విపరీతంగా కొట్టారు. 1980ల మధ్యలో తెల్లదోమ విరుచుకుపడింది. 1987–88లో మందుకు లొంగని శనగపచ్చ పురుగు పంటను ఊడ్చేసింది. అప్పులపాలైన రైతులు ఎందరో ప్రాణాలు తీసుకున్నారు. ఆ నేలల్లో పత్తి ఎలాగో, మదనపల్లె చుట్టుపక్కల టమోటా అలాగే. ఒకే పంట, ఎడాపెడా మందు.

మదనపల్లె టమోటాలో చిక్కు ఎక్కడ?

దేశంలోని పెద్ద టమోటా మార్కెట్లలో మదనపల్లె ఒకటి. బోరు కింద ఒకరు పీకేస్తుంటే పక్కనే మరొకరు నాటుతుంటారు. మనకు అది ఆదాయం. పురుగుకు అది ఏడాది పొడవునా అన్నదానం. ముసలి తోటలోని తెల్లదోమ అక్కడి ఆకుముడత వైరస్‌ను మోసుకుని పక్కన కొత్తగా నాటిన లేత తోటలోకి దిగుతుంది.

దక్షిణ అమెరికాకు చెందిన టూటా అనే ఆకుతొలుచు పురుగు మన దేశంలో 2014లో మొదట మహారాష్ట్రలో కనిపించింది. తన సొంత నేల మీది శత్రువులను అక్కడే వదిలేసి వచ్చింది కనుక ఇక్కడ తొందరగా పాకింది. ఆకులో పొరల మధ్య తింటుంది, కాయకు సూదిమొన బెజ్జాలు పెడుతుంది. దీన్నీ కొన్నిచోట్ల ‘ఊజీ’ అనేస్తుంటారు. పట్టుపురుగుల ఊజీ ఈగ, ఇది రెక్కల పురుగు. రెండూ ఒకటి కాదు.

మరి ఏం చేయాలి?

కాపు అయిపోయిన తోటను అలాగే వదిలేయకండి. పీకి కుప్పవేసి కుళ్లబెట్టండి, లేదా లోతుగా పూడ్చండి. పుచ్చు కాయలు గట్టు మీద పారేస్తే పురుగుల నారుమడి పోసినట్టే.

టమోటా తరువాత టమోటా, వంకాయ, ఆలుగడ్డ వద్దు. ఈ మూడూ ఒక కుటుంబం, టూటాకు మూడూ తిండే. రాగి, జొన్న, అలసంద, అనప లాంటివి ఒక పంట వేస్తే ఆ గొలుసు తెగుతుంది.

నారుమడిపై 40–50 మెష్ నైలాన్ వల కప్పండి. తెల్లదోమ విషయంలో మిత్ర పురుగులను నమ్ముకుని కూర్చుంటే సరిపోదు. వైరస్ మోసే దోమ కొద్దిపాటి ఉన్నా నష్టమే. అందుకే లేత వయసులోనే అడ్డుకట్ట వేయాలి. చేను చుట్టూ మూడు నాలుగు వరుసలు జొన్న లేదా మొక్కజొన్న దట్టంగా వేస్తే దోమ రాక కొంత తగ్గుతుంది. బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ ఇచ్చిన అర్క రక్షక్ వంటి, ఆకుముడత వైరస్‌ను తట్టుకునే రకాలూ ఉన్నాయి.

శనగపచ్చ పురుగుకు బంతిని ఎర వేయండి. 14–16 వరుసల టమోటాకు ఒక వరుస పొడుగు రకం ఆఫ్రికన్ బంతి. 45 రోజుల బంతి నారు, 25 రోజుల టమోటా నారు ఒకే రోజు నాటాలి. అప్పుడే రెండూ ఒకసారి పూతకు వస్తాయి. తల్లి పురుగు బంతి పూల మీదే ఎక్కువగా గుడ్లు పెడుతుంది. ఆ వరుసను చూసుకుంటే చాలావరకు చేనును చూసుకున్నట్టే. పురుగు చిన్నదిగా ఉండగా ఎన్.పి.వి. ద్రావణం ఎకరాకు 100 ఎల్.ఇ. చొప్పున కొద్దిగా బెల్లం కలిపి సాయంత్రం పూట పిచికారీ చేయండి. ఎండకు ఆ వైరస్ చచ్చిపోతుంది కనుక పగలు కొట్టి లాభం లేదు.

నాగజెముడు నేర్పిన పాఠం

ఒక జీవి మరో జీవిని అదుపు చేయడం పుస్తకాల మాట కాదు. మన పెద్దలు కళ్లారా చూసిందే. విదేశాలనుంచి వచ్చిన నాగజెముడు ఒకప్పుడు దక్షిణాదిన బీళ్లనూ గట్లనూ కమ్మేసింది. నరికితే నరికిన ముక్క ముక్కకూ మొలిచేది. 1926లో దాన్ని మాత్రమే తినే కోచినీల్ పురుగును సింహళంనుంచి మద్రాసు రాజధానికి తెచ్చారు. మన సీమ అప్పట్లో ఆ రాజధానిలోదే. కొద్ది ఏళ్లలోనే నాగజెముడు డొంకలు ఎండిపోయి నేల బయటపడింది. జెముడు పూర్తిగా పోలేదు, పురుగూ పోలేదు. రెండూ కొద్దికొద్దిగా మిగిలాయి.

మనకు కావలసిందీ అదే. చేలో ఒక్క పురుగూ లేకుండా చేయాలనుకోవద్దు. పురుగు బొత్తిగా లేకపోతే దాన్ని తినే మిత్రుడూ ఉండడు. నష్టం కలిగించనంత కొద్దిగా ఉంటే చాలు.

పోటీ ఉంది, పొత్తూ ఉంది

అన్నీ ఒకదాన్నొకటి తినేవే కాదు. కొన్ని ఒకే తిండి కోసం పోటీపడతాయి. చెనక్కాయ చేలో మొదటి 45 రోజులు కసువు తీయకపోతే తేమనూ ఎరువునూ అదే తాగేస్తుంది.

కానీ వేర్వేరు లోతుల్లో, వేర్వేరు కాలాల్లో తినేవాళ్లకు అంత తగాదా ఉండదు. అందుకే చెనక్కాయలో కంది 7:1 లేదా 11:1 వరుసల్లో వేయమంటారు. చెనక్కాయ పైపై తేమ తీసుకుని నాలుగు నెలల్లోపే వెళ్లిపోతుంది. కంది వేరు లోతుకు పోతుంది, చెనక్కాయ పీకాకే బాగా పెరుగుతుంది. వాన మొదట్లో మోసం చేస్తే ఒకటి, చివర్లో మోసం చేస్తే మరొకటి చేతికి వస్తుంది. రెండింటి వేళ్ల బుడిపెల్లో రైజోబియం బాక్టీరియా ఉంటుంది. అది గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తుంది, చెట్టు దానికి తిండి పెడుతుంది. ఇది పొత్తు.

పుంగనూరు వైపు: ఒకరి మందు, ఒకరి పట్టు

పుంగనూరు, పలమనేరు వైపు టమోటా పక్కనే మల్బరీ కనిపిస్తుంది. ఇక్కడ గట్టుకు అటూ ఇటూ ఉన్న ఇద్దరు రైతులు ఒకే తావును పంచుకుంటున్నారు. టమోటాకు కొట్టిన మందు గాలికి మల్బరీ ఆకు మీద పడితే, ఆ ఆకు తిన్న పట్టుపురుగులు షెడ్డులో గుట్టలుగా చస్తాయి. గుడ్లకు, ఆకుకు, కూలీలకు పెట్టిన డబ్బంతా ఒక్క రాత్రిలో పోతుంది.

ముఖ్యంగా ఒకటి గుర్తుంచుకోండి. బాసిల్లస్ తురింజియెన్సిస్ అనే బాక్టీరియాతో చేసే బి.టి. మందును టమోటాకు మేలైన మందుగా చెబుతారు. మనిషికీ సాలీడుకూ హాని లేదు, నిజమే. కానీ పట్టుపురుగుకు అది ప్రాణాంతకం. మల్బరీ దగ్గర దాన్ని వాడనే వద్దు. శనగపచ్చ పురుగు ఎన్.పి.వి. ఆ పురుగుకు తప్ప పట్టుపురుగుకు సోకదు. వేప మందు కూడా మల్బరీ ఆకుపై పడకూడదు. మందు కొట్టే ముందు రోజు పక్క రైతుకు ఒక మాట చెప్పండి. “అన్నా, రేపు కొడతాండాను, ఆకు కోసుకో” అంటే సరిపోతుంది. గాలి మల్బరీ వైపు వీస్తుంటే ఆ రోజు ఆగండి.

పట్టు రైతుకు మరో శత్రువు ఊజీ ఈగ. 1980లో బెంగాల్ నుంచి గూళ్ల వెంట కర్ణాటకకు చేరి, ఇటు పాకింది. పట్టుపురుగు వీపు మీద గుడ్డు పెడుతుంది, అక్కడ నల్లమచ్చ పడుతుంది. లోపల పెరిగిన ఈగ పురుగు గూటికి బెజ్జం పెట్టి బయటికి వస్తుంది. బెజ్జం పడిన గూడు దారం తీయడానికి పనికిరాదు. కిటికీలకు, తలుపులకు నైలాన్ వల బిగించండి. నాలుగో జ్వరం లేచాక మరీ జాగ్రత్త. ఊజీ కోశాలను వెతికి చంపే నెసోలింక్స్ థైమస్ అనే మిత్ర పరాన్నజీవి ఉంది. పట్టు పరిశ్రమ శాఖవారిని అడిగి, షెడ్డులోనూ, గూళ్లు ఏరాక ఎరువు గుంట దగ్గరా దాని సంచులు కట్టుకోవచ్చు. కోశాలు పగిలేది ఎక్కువగా అక్కడే.

మిత్రుడు ఎంత పని చేయగలడో చెప్పడానికి ఒక సంగతి చాలు. 2008లో కోయంబత్తూరు ప్రాంతంలో బొప్పాయి పిండినల్లి బయటపడి, బొప్పాయితో పాటు మల్బరీనీ తెల్లగా కప్పేసింది. ఏ మందుకూ సరిగా లొంగలేదు. 2010లో బెంగళూరులోని జాతీయ సంస్థ ప్యూర్టోరికో నుంచి దాని సహజ శత్రువైన చిన్న పరాన్నజీవిని తెప్పించి వదిలింది. నెలల్లోనే పిండినల్లి అదుపులోకి వచ్చింది.

కుప్పం వైపు: ఏనుగుకూ అదే లెక్క

కుప్పం, రామకుప్పం రైతులకు పురుగు కన్నా పెద్ద అతిథి ఉంది. 1980లలో హోసూరు వైపు అడవులనుంచి ఏనుగులు ఇటు వచ్చి నిలిచాయి. 1990లో కౌండిన్య అభయారణ్యం ఏర్పడింది. అది సుమారు 358 చదరపు కిలోమీటర్లు.

పెద్ద ఏనుగు రోజుకు 150 కిలోల దాకా మేత తింటుంది, వంద లీటర్లకు పైగా నీళ్లు తాగుతుంది. అడవిలో కుంటలు ఎండి, లంటానా పెరిగి గడ్డి తగ్గితే అడవి అంచున చెరకు, అరటి, వరి, రాగి దానికి కంచంలో వడ్డించినట్టే. తిండి ఎక్కడుంటే అక్కడికి వస్తుంది. తేడా ఒక్కటే. ఇక్కడ పంటతోపాటు మనిషి ప్రాణమూ పోతుంది. కొన్నిసార్లు ఏనుగు ప్రాణమూ పోతుంది.

కంచె తీగకు నేరుగా కరెంటు ఇవ్వకండి. ఏనుగే కాదు, తెల్లారి చేలోకి వెళ్లే మీ పిల్లవాడూ దానికి తగలవచ్చు. అది నేరం కూడా. సోలార్ కంచె వేరు, అది క్షణకాలం కొట్టి వదులుతుంది. దాని కింద కసువు పెరిగి తీగను తాకితే పనిచేయదు, ఎప్పటికప్పుడు కోయాలి. పంట పక్వానికి వచ్చే వారాల్లో రాత్రి కాపలాకు ఒంటరిగా వెళ్లవద్దు. ఏనుగు కనిపిస్తే అడవి వైపు దారి వదలండి, పిల్ల ఏనుగు ఉంటే మరీ దూరంగా ఉండండి. వెంటనే అటవీ శాఖకు కబురు చేయండి. అడవి అంచున ఉన్నవారు చెరకు, అరటి ఒక్కరే వేస్తే ఆ చేనే గురి అవుతుంది. ఏ పంట, ఏ నెలలో అని ఊరంతా కలిసి కూర్చుని మాట్లాడుకోవడం మేలు.

2025 మేలో కర్ణాటక ప్రభుత్వం మన రాష్ట్రానికి కుంకీ ఏనుగులను ఇచ్చింది. అడవి ఏనుగులను మళ్లించడానికి అవి పనికొస్తాయి. కానీ అడవిలో నీళ్లు, మేత లేకపోతే తరిమిన ఏనుగు మళ్లీ వస్తుంది. మందు కొట్టిన పురుగు మళ్లీ వచ్చినట్టే.

ఈ వారం చేయవలసినవి

1. వారానికోసారి చేను ఒక మూలనుంచి మరో మూలకు వంకర టింకరగా నడిచి 20 చెట్లు చూడండి. శత్రు పురుగులు ఎన్ని, మిత్ర పురుగులు ఎన్ని అని కాగితం మీద రాయండి.

2. రెండు శత్రు పురుగులకు ఒక మిత్ర పురుగు ఉంటే మందు ఆపి, మళ్లీ చూడండి. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని జాతీయ మొక్కల ఆరోగ్య నిర్వహణ సంస్థ నేర్పే లెక్క ఇది. వైరస్ మోసే తెల్లదోమకు ఈ లెక్క పెట్టుకోవద్దు.

3. ఎకరాకు పది చోట్ల పంగల కర్రలు పాతండి. పిట్టలు కూర్చుంటాయి.

4. తప్పనిసరైతే ముందు 5 శాతం వేపగింజల కషాయం. 5 కిలోల వేపగింజల పొడికి 100 లీటర్ల నీళ్లు. మల్బరీ పక్కన మాత్రం జాగ్రత్త.

5. రసాయన మందు కొట్టక తప్పకపోతే, పురుగున్న చోటే కొట్టండి. ఒకే మందు వరుసగా రెండుసార్లు వద్దు. నాలుగు మందులు ఒక డ్రమ్ములో కలపవద్దు.

రాసిన కాగితాలు దాచుకోండి. మూడు నాలుగు వారాలు రాస్తే ఎవరు పెరుగుతున్నారో, ఎవరు తగ్గుతున్నారో మీకే తెలుస్తుంది. తరువాత మందుల అంగడికి వెళ్లేటప్పుడు ఆ కాగితం చేతిలో ఉంచుకోండి. ఏం కొట్టాలో చెప్పే ముందు, కొట్టాలా వద్దా అన్నది అదే చెబుతుంది.